గోళ్లు తీసే ఆదివారం

కర్నూల్లో, హంద్రీ ఒడ్డున పిల్లల హోంలో
ఆదివారం నా పని గోళ్లు తీయడం.
ఇరవై ముగ్గురు. ఒకటే నెయిల్ కట్టర్.
ఉరుకుందు గోళ్లలో ఏటి ఇసుక.
లాలెప్ప ముందే కొరికేసుకుంటాడు,
నాకేం మిగల్చడు.

కాశింబీ తొమ్మిది వేళ్లే చాపింది.
పదోది అరచేతిలోకి మడిచింది.
"ఇది ఇడిసిపెట్టుక్కా."
చిటికెన గోటి చివర
గోరింటాకు, సన్నటి ఎర్ర గీత.
పైకి జరుగుతూ జరుగుతూ
అంచుకొచ్చేసింది.
ఎవరు పెట్టారని అడగలేదు.

మళ్లీ వారానికి
పళ్లేలు తోముతుంటే విరిగిందట.
నోట్సు కాగితంలో మడిచి తెచ్చింది.
"ఈడ ట్రంకు పెట్టెలు అందరూ తెరుస్తారు.
నీ పర్సులో పెట్టుకోక్కా."

బస్సులో కండక్టర్ చిల్లర అడిగాడు.
పర్సు
మెల్లగా తెరిచాను.