బిస్మత్ రెండు, సెలీనియం మూడు

కాగితం మీద లెక్క అంతే.
తూకం కాడ మాత్రం సెలీనియం ఒక చిటికెడు ఎక్కువ వేసుకో మే,
దానికి నిలకడ లేదు, వేడి సోకితే లేచిపోతుంది
అని చెప్పిపోయినాడు, నాకు ముందు ఈ కొలిమి కాసిన
కార్వేటినగరం దేశయ్య.
నేను వినలేదు.

బిస్మత్ పాతబెల్లం గడ్డలా పెళుసు,
సుత్తితో తడితే పగులుతుంది, పగిలిన చోట
లేతగులాబీ, పావురాయి మెడ రంగులు.
సెలీనియం నల్లని గుళ్లు, ధనియాలంత.
రెండింటినీ క్వార్ట్జ్ గొట్టంలో పోసి
పంపు పెట్టి గాలంతా తోడేశాక
కొర్లగుంట నుంచి సైకిల్ మీద వస్తాడు పీరాన్ సాయబు.
రిటైరై ఆరేళ్లు. నల్ల కళ్లద్దాలు. కూలి, చక్కెర తగ్గించిన టీ.
మంటలో గొట్టం మెడ తిప్పుతూ తిప్పుతూ సన్నగా లాగి
మంత్రసాని బొడ్డు కోసినంత ఒడుపుగా తెంపుతాడు.
"గాజనుకునేవు పాపా, ఇది రాయి.
ఆ కనబడే కొండ ఏందో ఇదీ అదే.
ఇనుము తగిలి అది ఎర్రబడింది, అంతే."

తొలి గొట్టం నా తొందరకి పోయింది.
సెలీనియం మరిగేది ఆరు వందల ఎనభై అయిదు దగ్గర;
బిస్మత్ దాన్ని కలుపుకునే వ్యవధి ఇవ్వకుండా
గంటకి మూడు వందలు ఎక్కించాను.
రాత్రి రెండుకి, రేణిగుంట వైపు గూడ్సు కూత వేసిన నిమిషంలోనే
కొలిమిలో టపాకాయ.
ఎర్రటి పొగ. కుళ్లిన ముల్లంగి వాసన.
కిటికీలు తీసి పరిగెత్తాను, చెప్పులు లోపలే.

పొద్దున హాస్టల్‌లో కల్పవల్లి మొహం తిప్పుకుంది.
పెరటాసి శనివారం, కొండకి నడిచి పోవాలని
తలంటుకొని ఉంది.
"ఈ పూట తెల్లగడ్డ తినింటివా మే?"
తినలేదు. నాలుగు రోజులుగా మెస్సులో పెరుగన్నమే.
ఊపిరిలోకి పోయిన మూలకం
నెత్తుట్లో తిరిగి, తెల్లగడ్డై నోట్లోంచి వస్తోంది.
ఎట్లా చెప్పేది? తలుపవతల నిలబడ్డాను.
ఆమె గోవిందా అనుకుంటూ నా పక్క నుంచి దిగిపోయింది.

రెండోది గంటకి ఇరవై డిగ్రీలు.
ముందు సెలీనియం కరిగింది, తర్వాత బిస్మత్,
ఎనిమిది వందల యాభై మీద ఒక పగలూ రాత్రీ.
దిగడం ఇంకా నెమ్మది, తొమ్మిది రోజులు.
వాన పడితే కరెంటు పోతుందని
ఇన్వర్టర్ పక్కనే చాప వేసుకున్నాను.

గుడ్డలో చుట్టి గొట్టం పగలగొడితే
సీసం కంటే మెరుగు, వెండి కంటే దిగులు.
గుండుసూది తగిలితే గీత.
టేపు అతికించి లాగితే పొర ఊడుతుంది, గూడూరు అభ్రకంలా;
ఒక్కో పొరలో అయిదు వరసలు,
సెలీనియం, బిస్మత్, సెలీనియం, బిస్మత్, సెలీనియం.
వరసల మధ్య గట్టి కౌగిలి;
పొరకీ పొరకీ నడుమ మాత్రం
ఎదురింటోళ్ల పలకరింపంత.

పైతోలు మీద కరెంటు పారాలి, లోపల పారకూడదు.
అదీ దీని గొప్ప.
మీటరు పెట్టి చూస్తే లోపల కూడా పారుతోంది.
లేచిపోయిన సెలీనియం కూర్చున్న చోట్లు ఖాళీ,
ఆ ఖాళీలు వదిలిన ఎలక్ట్రాన్లు.
దేశయ్య చిటికెడు.

పీరాన్ సాయబుకి ఫోన్ చేశాను.
"మళ్లానా?" అన్నాడు. కాసేపాగి,
"మా ఇంటామె కూడా ముక్కు మూసుకునేది పాపా,
ఉన్నన్నాళ్లూ, ఏం తిన్నావని."
తర్వాత ఇంకేమీ అడగలేదు.
"సోమవారం వస్తా. టీలో చక్కెర
మొత్తం మానేసినా, ముందే చెప్తా ఉండా."