ఇంట్లో ఎన్నిసార్లు

కాగితం తురుడ్ ఇచ్చింది,
నెలకోసారి ఓడలో బోట్స్‌ఫ్యోర్డ్ వచ్చే కళ్ళ పరీక్షల మనిషి.
"పాప కన్ను బయటికి జారినప్పుడల్లా ఒక గీత.
పిలవొద్దు, మందలించొద్దు.
ఊరికే చూసి గీయండి."

గీతలు నాకు కొత్త కాదు.
చేపల ఫ్యాక్టరీలో పెట్టెకో గీత, ఐదోది అడ్డంగా,
పదహారేళ్ళుగా అదే లెక్క.

సున్నివాకి ఆరేళ్ళు.
నాలుగు రోజులు వాళ్ళమ్మ దగ్గర, రేవు అవతలి పసుపు ఇంట్లో,
మూడు రోజులు నా దగ్గర.
అందుకని కాగితాలు రెండు.

కన్ను జారితే చప్పుడుండదు.
సూప్ చల్లారుతుంటుంది, తను కిటికీలోంచి
దూరంగా ఎటో చూస్తుంటుంది.
కుడికన్ను అక్కడే,
ఎడమది కట్టు విప్పిన పడవలా
మెల్లగా, మెల్లగా
చెవి వైపుకి.
రెప్ప పడిందంటే మళ్ళీ రేవులోకి.

పరీక్ష గదిలో ముందు పుల్లకి అంటించిన ఎలుక,
తర్వాత ఎదుటి గోడ మీద రైలు.
ఒక కన్ను మూస్తుంది తురుడ్, తీస్తుంది, చూస్తుంది.
కన్ను తనంతట తనే వెనక్కొస్తే సున్నా,
రెప్పపాటు సాయం కావాలంటే ఒకటి,
రానని మొండికేస్తే రెండు.
ఎలుకకి సున్నా. రైలుకి ఒకటి.

"ఇక ఇంటి సంగతి" అని చెయ్యి చాపింది.

నా కాగితం మీద మూడు గీతలు.
వాళ్ళమ్మ కాగితం మీద నలభై ఒకటి.

"నా దగ్గర బాగానే ఉంటుంది" అన్నాను,
గొంతులో కాస్త గర్వం కూడా ఉందేమో.
యోరున్ ఏమీ అనలేదు,
కోటు బొత్తాం పెట్టుకుని మళ్ళీ తీసింది.
కుర్చీలో కాళ్ళూపుతూ సున్నివా చెప్పింది,
"నాన్న రాత్రి పనికెళ్ళి వస్తాడు కదా, పడుకుంటాడు.
నేను చప్పుడు చెయ్యకుండా ఆడుకుంటాను."

పెట్టెలు లెక్కేసేవాడికి తెలిసుండాలి,
గీత పడలేదంటే
పెట్టె రాలేదనే కాదు,
బల్ల దగ్గర మనిషి లేడని కూడా.

తురుడ్ పెన్సిల్ చాలాసేపు గడి మీదే ఆగింది.
ఏం వేసిందో నేనడగలేదు.

బయటికొస్తే, రెండు నెలల తర్వాత
కొండ అంచున సూర్యుడు.
మంచు మీంచి వెలుగు మొహాన కొట్టగానే
సున్నివా ఎడమకన్ను గట్టిగా మూసుకుంది.
దీన్ని లెక్కలో వేయాలా? కాగితంలో రాయలేదు.
ఓడ అప్పుడే కూత పెట్టింది.
చేతి తొడుగు పళ్ళతో లాగి
అరచేతి వెనక గీశాను,
నాలుగు.