గొర్రెని చూడని ఊరు

ఆరు వారాలు.
చర్చి వెనక రేకుల షెడ్డులో
వాన చప్పుడు మీద గొంతు పెంచి
ఒక్కో పిల్లకి ఒక్కో వాక్యం
గోరుముద్ద పెట్టినట్టు పెట్టాను.
కొందరు మింగారు.
కొందరు బుగ్గన దాచుకున్నారు.
తిలోమాయికి ఆరేళ్లు.
తప్పిపోయిన గొర్రె దాని వంతుకొచ్చింది.

సవాయి దీవిలో మా వైపు
గొర్రెని చూసినవాళ్లు లేరు.
నేనూ చూడలేదు. పుస్తకంలో బొమ్మ చూపించాను.
మబ్బుకి నాలుగు కాళ్లు తగిలించినట్టుంది.
"కరుస్తుందా టీచర్?"
కరవదు. వాక్యం చెప్పు.

అక్టోబరులో రెండో ఆదివారం, తెల్లబట్టల పండగ.
ఏడాదిలో ఆ ఒక్కరోజు చర్చి పిల్లలది.
పెద్దలందరూ వెనక బల్లల మీద, చేతుల్లో విసనకర్రలు.
దాని తాత లెవావో మూడో బల్లలో
అప్పటికే కునుకులో ఉన్నాడు.
ప్రసంగం చివరిదాకా ఆయన మేలుకున్న ఆదివారం
నేను ఎరగను.

తిలోమాయి మైకు ముందు నిలబడింది.
చెవి పైన దేవగన్నేరు పువ్వు,
గంజి పెట్టిన గౌను అంచు మోకాళ్లకి గీరుకుంటోంది.
నోరు తెరిచింది. మూసింది.
పక్కనుంచి మొదటి మాట అందించాను,
రెండోదీ అందించాను.
గట్టున పడ్డ చేప నోటిని చూసినట్టు
నా పెదాల్ని చూసింది.
పంకా ఒక్కటే తిరుగుతోంది.

అప్పుడు చెప్పింది:
"మా పందికి తొమ్మిది పిల్లలు.
నల్లచెవిది ఒకటి రాలేదు.
వాన పడుతోంది.
ఎనిమిది ఉన్నాయిగా, పడుకో అంది అమ్మ.
తాత టార్చి తీసుకుని చేమతోటలోకి పోయాడు.
టార్చి ఆరిపోయింది.
తాత చీకట్లోనే పిలిచాడు, తల్లిపంది పిలిచినట్టు.
పొద్దున చొక్కాలో చుట్టి తెచ్చాడు.
తాత కాలికి రక్తం.
ఆమెన్."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత బల్లబల్లా నవ్వింది.
పాస్టరు గారి భార్య నా వైపు తిరిగి చూసింది.
నా ఆరు వారాలూ ఆ నవ్వులో కొట్టుకుపోతుంటే
ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియక
మూడో బల్ల వైపు చూశాను.
లెవావో మేలుకుని ఉన్నాడు.
అందరూ తననెందుకు చూస్తున్నారో అర్థం కాక
కట్టు కట్టిన కాలిని
లుంగీ కిందికి లాక్కుంటున్నాడు.

గోడల్లేని ఇళ్లు మావి.
సాయంత్రం శంఖం ఊదాక
ఎవరి చాప మీద ఏ ప్రార్థన జరుగుతుందో అందరికీ వినబడుతుంది.
లెవావోకి చదువు రాదు. పేర్లు చెబుతాడు, అంతే.
ఇంట్లో ఉన్నవాళ్లవి, ఆక్లాండు ఫ్యాక్టరీల్లో ఉన్నవాళ్లవి,
పుట్టి మూడు రోజులే బతికిన బిడ్డది.
మధ్యలో ఒక్క పేరు జారిపోయినా
మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాడు.
ఆలోపు పిల్లలు నిద్రపోతారు.
పక్కింటి చాప మీద
నేను ఎన్నోసార్లు నవ్వుకున్నాను.

ఆ రోజు భోజనంలో ముందు వడ్డన పిల్లలకి.
వడ్డించేది పెద్దవాళ్లం.
సీమపనస, చేమాకుల్లో ఉడికిన కొబ్బరిపాలు,
రాళ్లపొయ్యి లోంచి అప్పుడే తీసిన మాంసం.
తిలోమాయి పళ్లెం వైపు చూసింది,
నా వైపు చూసింది.
"ఇది నల్లచెవిదా టీచర్?"
కాదన్నాను.
నాకు తెలియదు.

అది లేచింది.
తెల్లగౌనుతోనే బురదలోకి నడిచింది, దొడ్డి వైపు.
ఒక చేతిలో దాని చెప్పులు, ఒక చేతిలో దాని పళ్లెం,
దాని వెనక నేను.

వరి దడి పట్టుకుని లెక్క మొదలుపెట్టింది.
ఎనిమిది దాకా ఇద్దరం గట్టిగానే చెప్పాం.
ఆ తర్వాత,
పళ్లెం కింద పెట్టి
టీచర్ని నేనే
దాని చెయ్యి పట్టుకున్నాను.