ఐదో ప్రశ్న

ఫారానికి పద్దెనిమిది రూపాయలు.
పేరు, వయసు, కులం, చదువు సర్రున నిండుతయ్
ఐదో ప్రశ్న కాడనే పెన్ను ఆగుతది:
నెలకు ఎంత వస్తది?

కొత్తవాడల ఆడెపు సదానందం
జంపఖానా మగ్గం మీదికెళ్లి తల ఎత్తకుండనే అడిగిండు:
"ఏ నెల సంగతి బిడ్డా?
నూలు వచ్చిన నెలనా, రాని నెలనా?"
నా ఫారంల నెలలన్నీ ఒక్కటే.
ఎనిమిది వేలు అని రాసిన.
"రేషన్ కార్డు పోదు గదా" అన్నది లోపలి నుంచి ఆయన భార్య.
కొట్టేసి ఆరు చేసిన.

ఎనుమాముల మార్కెట్ల
పత్తి బస్తా దించి ఎల్లస్వామి బీడీ ముట్టిచ్చిండు.
"దడువాయి రాసినన్ని. నేను మోసినన్ని కాదు."
ఓటెవరికి అంటే నవ్విండు:
"ముగ్గురి కాడ తీసుకున్న, ముగ్గురికీ మాటిచ్చిన.
మిషన్‌కే తెలువది, దానికి ఒక్కటే నొక్కుడాయె."

నక్కలగుట్టల గేటుకు అవతల కుక్క, ఇవతల నేను.
డాక్టర్ సారు అడగకముందే ఓటు చెప్పిండు,
ఎందుకో గూడ చెప్పిండు, పావుగంట.
"ఈ బీదోళ్లు ఉచితాలకు అమ్ముడుపోతరయ్యా."
ఐదో ప్రశ్నకు మాత్రం: "మిడిల్ క్లాస్ అని రాసుకో."
ఆత్మకూరు దిక్కు పన్నెండెకరాలున్నయట,
పెట్టుబడి సాయం పడుతదా సార్ అంటే
"పడుతది. పడనీ."
పోలింగ్ శుక్రవారం వచ్చిందని
అప్పటికే ఊటీకి టికెట్లు తీసిండు.

నర్సంపేట అవతల తండాల భూక్యా మంగ్తి
"పింఛన్ ఇచ్చేటామెకే ఏస్త" అన్నది.
ఎవరవ్వా ఆమె?
"గదే, ఏలి మిషన్ పట్టుకొచ్చే పిల్ల.
నా ఏలు గీతలు అరిగినయని
తడి బట్టతోని తుడిసి, మల్ల తుడిసి, పడేదాక కూసుంటది.
గా పిల్ల నిలబడుతుందా?"
ఆ పిల్లకు గుర్తు లేదు.
'ఇతరులు' కాడ టిక్కు పెట్టిన.

నెల తర్వాత టీవీల
కోటు తొడుక్కున్నాయన రంగుల కట్టెలు చూపిచ్చిండు.
పదివేల లోపోళ్లు ఇటు, లక్ష దాటినోళ్లు అటు,
నడిమిట్లోళ్లు ఊగుతున్నరు.
అబద్ధమని అనలేను. నేనే గదా నింపింది.
ఆకుపచ్చ కట్టెల సదానందం ఏడున్నడో ఎతికిన.
నేను కొట్టేసిన రెండు వేలు
ఏ కట్టెకిందికి పోయినయో.
మంగ్తి మాత్రం దొరికింది
'ఇతరులు', సున్నా పాయింట్ ఏడు.

"మన ఇంటి ఫారం నింపినవా?" అన్నది అమ్మ.
నింపలే.
"రాసుకో మరి. బడి వంట పైసలు మూడు వేలు,
మూడు నెలల సంది రాలే.
గుడ్లు అప్పు తెచ్చి ఉడకబెడుతున్న,
కిరాణా బాకీ నాలుగు వేల ఆరువందలు.
నీ పద్దెనిమిది రూపాయలు గూడ కలుపు, వస్తే."
రూపాయి దాచుకోకుండ చెప్పింది.

ఆఖరి ప్రశ్న అడిగిన.
చింతపండు పిసుకుతున్న చెయ్యి ఆపి
నన్నొకసారి ఎగాదిగ చూసింది.
"గది నీకెందుకు రా?"