రెండు వందల పదో లైను

బర్మా బజారు రజాక్ భాయి
ఆ పెట్టెని మా ఇంట్లో దించాడు, మే నెల్లో.
"టేపుకి కలిపే వైరు లేదు సార్, అందుకే పోవట్లేదు.
కొనేవాడు దొరికేదాకా ఉంచండి, పాప ఆడుకుంటుంది."
చూళై సందులో మాకు పైవాటా వాళ్ళది.

రబ్బరు మీటలు. నొక్కితే
పండిన సపోటాలా వేలికింద మెత్తగా దిగేవి.
సాలిడేర్ టీవీ వెనక తీగ గుచ్చగానే
తెరంతా తెల్లబడి, ఒక మూల
చిన్న నల్ల చదరం, ఆరుతూ వెలుగుతూ,
ఊఁ చెప్పు, అన్నట్టు.

దాన్లో ఆటేమీ లేదు.
ఆట కాగితం మీద ఉంది.
మూర్ మార్కెట్ తగలబడ్డాక పేవ్‌మెంటు మీదికొచ్చిన
పాతపుస్తకాలాయన దగ్గర రూపాయిన్నరకి కొన్న పత్రికలో
పదహారో పేజీ. అరవై రెండు లైన్లు.
వైరు లేదు కనక దాచుకోవడం లేదు.
కరెంటు తీస్తే ఆట చచ్చిపోతుంది.
ప్రతి ఆదివారం మొదట్నించీ కొట్టాలి.

నాన్న చింతాద్రిపేటలో కంపోజిటరు.
సీసపు అక్షరాల్ని తిరగేసి చదివే మనిషి.
ఇంగ్లీషు ఆయనకి భాష కాదు, ఇరవయ్యారు గళ్ళు.
నేను చదివేదాన్ని, ఆయన ఒంటివేలితో కొట్టేవాడు.
"నూటయాభై. ఇఫ్. ఎక్స్. ఈక్వల్. కామా..."
"కామా కాదమ్మా, తోక లేదు చూడు. ఫుల్‌స్టాపు."
పత్రిక అచ్చేమో అలుక్కుపోయిన అచ్చు,
పేజీ అంచుల నిండా ఆయన ఎర్ర పెన్సిలు.

రెండు గంటలు. అప్పుడు, రన్.

పైనుంచి నక్షత్రం గుర్తులు రాలతాయి.
అడుగున యూ అనే అక్షరం, అదే బిందె.
అటూ ఇటూ జరిపి పట్టాలి.
మూడు జారితే అయిపోయినట్టే.
"దీన్ని అధోజ్ఞాపికకి వాడతాం మేము,
పేజీకి ఒకటి, మహా అయితే రెండు.
నీకిక్కడ కుండపోత!" నాన్న నవ్వేవాడు.
అమ్మ పసుప్పచ్చ ప్లాస్టిక్ బిందెతో గుమ్మంలో ఆగి
"నిజంగా నిండే బిందె ఇదుగో,
లారీ వచ్చింది, లేస్తావా లేదా" అనేది.

తొంభయ్యేడు చుక్కల దగ్గర కరెంటు పోయేది.
తెర నడిమికి ముడుచుకుపోయి
ఒకే ఒక్క చుక్క,
అదీ ఎవరూ పట్టకుండానే.
నేను ఏడిస్తే నాన్న
అదే పత్రికతో విసురుతూ అనేవాడు:
"ఫారం అచ్చయ్యాక అక్షరాల్ని మళ్ళీ గళ్ళలో పోసెయ్యమూ?
వాటికోసం ఎవరైనా ఏడుస్తారా?"

మొదటి ఆదివారం నా లెక్క పదకొండు.
మూడో వారం నుంచీ నూరుకి తక్కువ లేదు.
షఫీక్ నోరు తెరుచుకు చూశాడు.
బళ్ళు తెరిచాక క్లాసంతా చెప్పుకున్నాను.
లెక్కల్లో నాకు భయం పోయింది కూడా అప్పుడే.

జులైలో కాంచీపురం నుంచి ఎవరో వచ్చి
పెట్టెని దుప్పట్లో చుట్టుకుని పోయారు.

మొన్న పెరంబూరుకి ఇల్లు మారుతుంటే
రేషన్ కార్డుల సంచీలో ఆ పేజీ దొరికింది.
నా ఫోన్లో ఆ పాత పెట్టెలా నటించే ప్రోగ్రాం ఉంది.
రాత్రి కూచుని కొట్టాను.
రెండు వందల పది దగ్గర వేలు ఆగింది.
ఆ లైను ఏ పనీ చెయ్యదు.
ఊరికే ఒకటి నుంచి నలభై దాకా లెక్కపెట్టి
చుక్కని ఒక మెట్టు కిందికి వదుల్తుంది.
నలభై కొట్టేసి ఉంది. పక్కన, ఎర్రగా, గుండ్రంగా,
తొంభై.

అప్పట్లో అలాగే చదివేశాను.
ప్రూఫు కదా, దిద్దిందే నిజం.

నలభై పెట్టి ఆడాను. తొమ్మిది.
మళ్ళీ ఆడాను. పన్నెండు.

పొద్దున్న కాఫీ ఇస్తూ పేజీ చూపించాను.
కాటరాక్టు తీయించుకున్న కన్ను ఒకటి మూసి,
కాగితాన్ని అలవాటుగా తలకిందులు పట్టుకుని
చాలాసేపు చూశాడు.
"అచ్చుతప్పు," అన్నాడు.
"దిద్దాను."