గోరూ గొడ్డలీ

ఒడీల్ తెరియో
కుడి బొటనవేలి గోరు ఒక్కటీ పొడుగ్గా ఉంచుకుంటుంది.
మెయిన్ రాష్ట్రపు ఉత్తరపు కొసన,
నది అవతల కెనడా కనిపించే దొడ్డిలో
జులై పొద్దున్నే వంగి
ఒక్కో కాయనీ గోటితో అడుగుతుంది.

గోరు దిగితే వేసవిది.
పచ్చ జుకినీ, మెడ వంచిన పసుపుది,
అంచులు నొక్కిన కజ్జికాయలాంటి ప్యాటీపాన్,
అన్నీ తోలుతో, గింజతో తినెయ్యాల్సినవే.
"జానెడు దాటనిచ్చావా, ఇక అది నిన్ను తింటుంది."
నేను దాటనిచ్చాను.
రెండ్రోజుల ముసురు తర్వాత ఆకుల చాటున ఒకటి
నా మోచేతికంటే లావై పడుకుని ఉంది.
లోపలంతా దూది.

ఆగస్టులో ఈ ఊళ్లో
కారు తాళం వెయ్యడం ఎవరూ మరవరు.
మరిస్తే తెల్లారేసరికి సీటునిండా జుకినీలు.
ఇక్కడి గుమ్మడికాయల దొంగ ఎత్తుకుపోడు, పెట్టిపోతాడు.
పొద్దున చర్చి దగ్గర
అందరం భుజాలు తడుముకుంటాం.

గోరు దిగకపోతే చలికాలానిది.
పేరుకే. అదీ ఈ ఎండ తాగిందే,
కాకపోతే దాచుకుంటుంది.
గాడులు పడ్డ ఎకార్న్, నడుమున్న బటర్‌నట్,
అన్నిటికీ వెనక, కంచె పక్కన, నీలం హబ్బర్డ్
వీపంతా బొడిపెలతో, నిద్రపోయే పందిపిల్లలా.

ఆ తీగే కంచె దాటింది.
అవతలి దొడ్డి ఆమె తమ్ముడు ఒనెసిమ్‌ది.
గడ్డి కోస్తూ తీగనీ కోసేశాడు.
చూడలేదన్నాడు.
చూశావంది.
గోటితో పోయేదే.

నూగుమంచు పడకముందే కాయలు దించాం.
"తొడిమ పట్టుకుని ఎత్తకు,
పిల్లల్ని చెవి పట్టి ఎత్తుతామా?"
తొడిమ ఊడిన చోటే కుళ్లు మొదలట.
పది రోజులు వెచ్చని వరండాలో ఆరబెట్టి
నేలమాళిగ అరల్లో సర్దాం, ఒకదానికొకటి తగలకుండా.
ఎకార్న్‌లు క్రిస్మస్‌తో సరి.
బటర్‌నట్‌లు జనవరి దాటించాయి.
మిగిలింది హబ్బర్డ్,
తెగిన తీగకి ఇవతల నిలిచిన ఒకే ఒక్కటి.

ఫిబ్రవరి. నది గడ్డకట్టి రోడ్డులా ఉంది.
ఒడీల్ కాయమీద గోరు నొక్కింది. గోరు విరిగింది.
ఆమె కత్తి సగం దిగి ఇరుక్కుంది.
నా కత్తి వంగింది.
ఆమె గొడ్డలి కిందటేడు అరువు పోయింది.
ఎవరింటికని నేనడగలేదు.

నన్ను పంపుతుందనుకున్నాను.
తనే బూట్లు తొడుక్కుంది.
కాయని పిల్లల స్లెడ్‌కి తాడుతో కట్టి
కంచె కొసలు మాత్రమే తేలిన మంచులో
లాక్కుంటూ పోయింది.

కిటికీలోంచి చూశాను.
ఒనెసిమ్ మెట్లమీద నిలబడ్డాడు. లోపలికెళ్లి వచ్చాడు.
రెండు దెబ్బలు.
ఆ తెల్లటి మధ్యలో నారింజ రంగు తెరుచుకుంది,
నవంబరు నుంచీ అంత రంగు చూడలేదు మేం.

ఏమనుకున్నారో నాకు తెలీదు.
సగం కాయతోనే తిరిగొచ్చింది.
గొడ్డలి తేలేదు.
గింజలు మాత్రం, కోటు జేబులో,
తడితడిగా, మొత్తం.