ఏడో గడి

చిప్పుల డబ్బాలో ఆ సాయంత్రం మిగిలింది ఒకటే,
మూడు ఆండ్ గేట్లది.
మా లెక్కకి నాలుగు కావాలి.

విజయనగరం పాలిటెక్నిక్, రెండో అంతస్తు ల్యాబ్.
ఫ్యాను గిన్నెలో పిచ్చుక గుడ్లు పెట్టింది, అందుకని ఫ్యాను వెయ్యం.
మూడు స్విచ్చులు లోపలికి,
రెండు దీపాలు బయటికి: ఎర్రదొకటి, పచ్చదొకటి.
ఎర్రదానికి పటం గీశాను, ఎనిమిది గడులు,
ఒకట్లని జతలుగా ఉంగరాల్లో బిగించాను.
పచ్చదానికి ఇంకో పటం, ఇంకో రెండు ఉంగరాలు.
దేనికది చూస్తే ఇంతకన్నా తగ్గదు.
శంబంగి మాస్టారు నేర్పిందీ అదే:
జత దొరికే గడిని ఒంటరిగా వదలడం తప్పు.

రొంగలి అసిరితల్లి
రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి
ట్యూబులైటుకి ఎత్తి పట్టింది.
రెంటిలోనూ ఒకటి ఉన్న గడి ఒక్కటే, ఏడోది.
ఎర్రపటంలో దాని కాపరం పైనున్న మూడుతో,
పచ్చపటంలో పక్కనున్న ఆరుతో.

"దాన్ని జత కట్టకు. ఒగ్గీ."
"ఏటి ఒగ్గీడం? ఒంటిగడికి మూడు తీగలు తగలెయ్యాలి,
జతకైతే రెండే."
"తగలెయ్యి. ఒక్కపాలే కదా."

పిన్నులు లెక్కపెడుతూ చెప్పింది,
నెల్లిమర్లలో వాళ్లింటికీ పిన్నమ్మ ఇంటికీ నడుమ గోడలో
ఇటుక తీసేసిన కన్నం,
కన్నంలో బల్బు.
జూట్ మిల్లు రాత్రి షిఫ్టు దిగి ఎవరొచ్చినా
రెండు వంటిళ్లూ ఒకేసారి తెల్లారతాయి.
ఎవరినడిగినా చెబుతారు, బల్బుకి అది మంచి చోటు కాదని.
ఇటు పొయ్యి మీద నీడ,
అటు గిన్నెల మీద.
బిల్లు ఒక్క బల్బుకే.

ఏడో గడి గేటుకి మూడు కాళ్లూ మూడు స్విచ్చులకి.
మిగతా రెంటిలో
ఖాళీ కాలిని పక్క కాలికి కట్టేశాం.
ఒకే పిన్ను నుంచి ఎర్రదానికో తీగ, పచ్చదానికో తీగ.
మూడు స్విచ్చులూ తనే పైకి తోసింది.

వెలిగాయి. పిచ్చుక ఒకసారి కిందికి చూసింది.

మాస్టారు రికార్డులో ఎర్రసిరాతో రాశారు,
'ఏడో గడి ఇంకా తగ్గుతుంది.'
ఇద్దరికీ రెండేసి మార్కులు పోయాయి.
ఆయనన్నది నిజమే,
ఒక్కో కాగితం విడిగా పట్టుకుంటే.

గుణుపూర్ పాసింజరు ఎక్కించి వస్తూ
దారంతా ఒకటే ఆలోచన,
అడగడం మరిచిపోయాను:
ఆ గోడ బల్బుకి స్విచ్చు
ఎవరింట్లో ఉంది?